అటో ఇటో ఇరవై

రుస్తాక్ దాటినంక తారు రోడ్డు ఆగిపోతది.
అక్కడ్నించి దాద్‌కరీం బండి వాదిలకు దిగుతది.
వెనక సీట్ల ఇనుప గొట్టాలు
ఒకదాన్నొకటి కొట్టుకుంట
నా మాట నాకే ఇనబడనియ్యవు.

నా పని చెప్పుకుంటె నవ్వొస్తది:
మీటరు గొట్టం నేలల దిగ్గొట్టి
దాని నోటికి రబ్బరు మూత బిగించి
సూదితోని భూమి ఊపిరి గుంజుడు.
మొదటి రెండు సిరంజీలు పారబొయ్యాలె,
అది గొట్టంల ఇరుక్కున్న మన గాలి.
మూడోది నేలది.
సీసాల కెక్కించి, మీద రాసి,
బి పదిహేడు, బి పద్దెనిమిది,
నీడకు పెట్టాలె.
ఈ వాదిల నీడంటె నేనే.

"రెండు కిలోమీటర్ల కింద ఎంత కాగుతుందో
బోరు ఎయ్యకుంటనే చెప్పొచ్చు"
అన్నది జువైనా మేడం మొదటి దినం.
కింద, ఆ సెగల, ఏ గాలి ఎంత పాలు కలిసిందో
మీదికొచ్చేదాక ఆ పాలు మర్చిపోవట,
కార్బన్ డయాక్సైడూ మీథేనూ.
ఇస్తారి నమ్మలే.
నేను నమ్మిన.

బొగ్గుబట్టీల కాడ పెరిగినోన్ని.
తుమ్మ మొద్దుల కుప్ప, మీద మట్టి కప్పు,
లోపలేమైతుందో కంటికి దొరకది.
మా పెద్దవ్వ పొగ చూసి చెప్పేది.
తెల్లగొస్తె నీళ్ళింక పోలే.
పసుపుగొచ్చి కండ్లు మండిస్తె సగం కాలింది.
సన్నగ నీలిపొగ లేచిందో,
"బొక్కలు మూయుండ్రి రా!" అని కేక.
ఒక్కనాడు గూడ బట్టిని తవ్వి చూడలే.
తవ్వి చూస్తె బొగ్గు కాదు,
బూడిదే మిగులుతది.

కని ఇక్కడి కొండ నల్లది, మాయదారిది.
లోపలి చెమ్మ తగిలితె చాలు,
చల్లగ ఉండి గూడ హైడ్రోజన్ ఊదుతది.
మొన్న మిషన్ల అంకె చూసి ఇస్తారి ఎగిరిండు,
రెండువందల పది డిగ్రీలని.
మేడం చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇది వేడి కాదు. రాయి గుణం."
ఆ వరుసంత పెన్నుతోని కొట్టేసి
మిగిలినయి చాన సేపు చూసి
కింద రాసింది:
నూట నలభై. అటో ఇటో ఇరవై.

"ఇంతకు ఏదైతది మేడం, నూటిరవయ్యా, నూటరవయ్యా?"
"ఆ నడుమ ఎక్కడనో.
చూడకుంట అంత తెలుసుడే ఎక్కువ."

ఎండకాలం పగటీలి మూడు గంటలు పని బంద్.
బండి కింద పండుకుంటం ముగ్గురం.
దాద్‌కరీం బలూచిల ఏందో గొణుగుతడు.
రేకు మీద గుడ్డు ఉడుకుతదంటరు గని
గుడ్డు ఎవ్వడు తెచ్చిండు.

రాత్రి గంగామణి ఫోను.
"ఎట్లున్నవ్?"
"మంచిగున్న."
"తిన్నవా?"
"తిన్న."
ఆ రెండూ ఆమె పారబోస్తది.
మూడో మాట కోసం ఊకుంటది.
నేను గాలి పీల్చి ఏమో అనబోతె,
"జరమెన్ని దినాల సంది?" అంటది.

ఆమెను మాత్రం నేను లెక్క కట్టలేను.
చిట్టి పైసలు మునిగిన నాడు గూడ నవ్వింది,
ఆ నవ్వు వేడిదో, రాయి గుణమో
ఏ వరుస కొట్టెయ్యాల్నో
పదకొండేండ్లైనా తెల్వలే.
"మేమంత మంచిగనే ఉన్నం" అంటె
అటో ఇటో ఎంత అని
అడగబోయి ఆగుత.

ఇయ్యాల బి ముప్పై ఒకటి.
గాలి గుంజి, మూత పెట్టి
గొట్టం పీకిన.
మీది కొస గ్లౌజు మీంచే కాల్చింది.
అడుగు కొస చల్లగ,
జర్రంత మట్టి అంటుకొని, తడితడిగ.
కింద నూట నలభై, మీద నలభై ఆరు,
నడుమ ఈ మూరెడు చల్లదనం
ఎవ్వరి కాగితంల లేదు.

ఎవ్వరు చూస్తలేరని
ఒక్క నిమిషం చెంపకు ఆనించుకున్న.